ముసాయిదా మాస్టర్ ప్లాన్‌పై, భూ వినియోగ మార్పిడిపై అభ్యంతరం దాఖలు చేయడం ఎలా

దినపత్రికల లోపలి పేజీల్లో, టెండరు ప్రకటనల పక్కన, భూతద్దం పెడితే తప్ప కనిపించని అక్షరాలతో ఒక నోటీసు పడుతుంది. ఫలానా మండలం, ఫలానా గ్రామం, సర్వే నంబరు ఇంత, విస్తీర్ణం ఇన్ని ఎకరాల ఇన్ని గుంటలు, ప్రస్తుతం కన్జర్వేషన్ (పరిరక్షణ) జోన్‌లో ఉన్న ఈ భూమిని మాన్యుఫ్యాక్చరింగ్ (పరిశ్రమల) జోన్‌గా మార్చడానికి ప్రతిపాదించడమైనది, అభ్యంతరాలు, సూచనలు ఉన్నవారు పదిహేను రోజుల్లోగా తెలియజేయవలెను అన్నది దాని సారాంశం. ఆ భూమి పక్కనే ఇల్లు కట్టుకున్నవారిలో చాలామందికి ఈ సంగతి షెడ్డు లేచాకనో, లారీలు తిరగడం మొదలయ్యాకనో తెలుస్తుంది. అప్పటికి గడువు ముగిసి నెలలు గడిచి ఉంటాయి.

ఆ గడువు లోపల కాగితాన్ని ఎలా తయారు చేయాలో, ఎక్కడ ఇవ్వాలో, ఇచ్చాక ఎలా వెంబడించాలో ఇక్కడ వరుసగా చెబుతాను. ప్రధానంగా తెలంగాణ పద్ధతిని, అందులోనూ హైదరాబాదు చుట్టుపక్కల జరిగేదాన్ని ఆధారం చేసుకున్నాను. ఆంధ్రప్రదేశ్‌లో చట్టాల పేర్లు వేరైనా పని జరిగే తీరు దాదాపు ఇదే. ఒక మాట మొదట్లోనే గుర్తు పెట్టుకోండి. ‘మా ఊరికి అన్యాయం జరుగుతోంది’ అని మాత్రమే రాసిన కాగితం మీద ‘పరిశీలించడమైనది’ అని రాసి పక్కన పెట్టడం తేలిక. సర్వే నంబరు, నియమం, కొలత, ఫలానాది చేయండి అన్న కోరిక, ఈ నాలుగూ ఉన్న కాగితానికి మాత్రం ఏదో ఒక జవాబు రాయక తప్పదు.

మార్పు ఏ రకమో ముందు తేల్చుకోండి

మొదటి రకం, ఊరు మొత్తానికి కొత్త మాస్టర్ ప్లాన్ ముసాయిదా. ఏ భూమిని దేనికి వాడాలో మ్యాపులో రంగులతో, నియమాలతో చెప్పేదే మాస్టర్ ప్లాన్. ఇందులో భూముల రంగులు, రోడ్ల వెడల్పులు, నియమాల పుస్తకం మూడూ ఒకేసారి మారతాయి. అభ్యంతరాలకు సాధారణంగా ఎక్కువ గడువు ఇస్తారు. 2022 చివర కామారెడ్డిలో ప్రకటించిన ముసాయిదాకు అరవై రోజులు ఇచ్చారు. తమ పంట పొలాలను పారిశ్రామిక జోన్‌లో చూపారని చుట్టుపక్కల గ్రామాల రైతులు రోడ్డెక్కడం, చివరికి 2023 జనవరిలో ఆ ముసాయిదాను రద్దు చేయాలని మున్సిపల్ కౌన్సిల్ తీర్మానించడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. అదే నెలలో జగిత్యాలలోనూ ఇలాంటి తీర్మానమే జరిగింది.

రెండో రకం, అమల్లో ఉన్న ప్లాన్‌లో ఒకటి రెండు సర్వే నంబర్లకు మాత్రమే చేసే భూ వినియోగ మార్పిడి. ఎక్కువగా జరిగేదీ ఇదే, ఎక్కువగా కంటపడనిదీ ఇదే. ఒక్కొక్క నోటీసులో నాలుగైదు ఎకరాలే ఉంటాయి కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఒకే గ్రామంలో అవే ఇరవై వస్తే ఆ ఊరి మాస్టర్ ప్లాన్ పేరుకే మిగులుతుంది.

మూడో రకం, మ్యాపు జోలికి పోకుండా నియమాలను మాత్రమే మార్చడం. సెట్‌బ్యాక్ (భవనం చుట్టూ వదిలే ఖాళీ), ఎత్తు, పార్కింగ్, చెరువు చుట్టూ వదలాల్సిన ఖాళీ వంటివి దీని కిందికి వస్తాయి. హైదరాబాదుకు నీరిచ్చే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పరీవాహక ప్రాంతంలోని 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేసిన జీవో 111 ఇలాంటి నియమమే. 1996లో వచ్చిన ఆ జీవో ఆంక్షలను 2022 ఏప్రిల్‌లో జీవో 69 తొలగించింది. ఇటువంటి మార్పు సర్వే నంబర్ల జాబితాతో రాదు కనుక, ‘మా భూమి పేరు ఎక్కడా లేదు కదా’ అని ఊరుకుంటే మోసపోతారు. నియమాల సవరణ ముసాయిదాగా కాక నేరుగా జీవోగా రావడమూ మామూలే; అటువంటప్పుడు అభ్యంతరానికి గడువంటూ ఉండదు, ప్రభుత్వానికి వినతిపత్రం ఇవ్వడమో, కోర్టుకు వెళ్లడమో మిగులుతుంది.

వీటితో కలిపేయకూడనిది ఇంకొకటి ఉంది. తెలంగాణలో వ్యవసాయ భూమిని వ్యవసాయేతర భూమిగా మారుస్తూ రెవెన్యూ శాఖ ఇచ్చే నాలా ఉత్తర్వు వేరు, మాస్టర్ ప్లాన్‌లో జోన్ మార్పిడి వేరు. నాలా అయిపోయింది కాబట్టి ఇళ్లు కట్టుకోవచ్చని వెంచర్ల వాళ్లు చెప్పే మాట సగమే నిజం. నాలా ఉత్తర్వు ఉన్నా ప్లాన్‌లో ఆ భూమి కన్జర్వేషన్ జోన్‌లోనే ఉంటే లేఅవుటు అనుమతి రాదు.

నోటీసును చివరి వాక్యం దాకా చదవండి

పత్రికలో పడింది సంక్షిప్తం కావచ్చు. గెజిట్‌లో ప్రచురించిన పూర్తి పాఠాన్ని సంపాదించండి. అందులో ముందు చూడాల్సింది గడువు ఎప్పటి నుంచి మొదలవుతుందన్నది. గెజిట్‌లో ప్రచురించిన తేదీ నుంచి పదిహేను రోజులని ఉంటే, పత్రికలో మీరు చూసే సరికే మూడు నాలుగు రోజులు పోయి ఉండవచ్చు. ఏ తేదీ ముందుదో దాని నుంచే లెక్క వేసుకుని, ఆఖరి రోజు ఆదివారమో, పండుగో అవుతుందేమో చూసుకోండి. గడువు తక్కువగా ఉండటం తెలంగాణకే పరిమితం కాదు. అమరావతి రాజధాని ప్రాంతంలోని అయిదు గ్రామాల్లో సుమారు 900 ఎకరాలను పేదల ఇళ్ల కోసం ఆర్-5 జోన్‌గా మారుస్తూ 2022 అక్టోబరులో ముసాయిదా వచ్చినప్పుడు, అంత పెద్ద మార్పునకూ అభ్యంతరాలకు ఇచ్చింది రెండు వారాల పైచిలుకే. 2023 మార్చిలో తుది గెజిట్ వచ్చింది, ఆగస్టులో అక్కడి ఇళ్ల నిర్మాణంపై హైకోర్టు స్టే ఇచ్చింది.

తర్వాత చూడాల్సింది ఎల్లలు. నోటీసు చివర నాలుగు దిక్కులూ విడివిడిగా రాసి ఉంటాయి. ఉదాహరణకు ‘ఉత్తరం: సర్వే నంబరు 112లో భాగం, దక్షిణం: చెరువు శిఖం, తూర్పు: ప్రస్తుతం ఉన్న 30 అడుగుల రోడ్డు, పడమర: నాలా’ అని ఉందనుకోండి. ఈ ఒక్క పంక్తిలోనే మీకు కావలసిన అభ్యంతరాలు మూడు దొరుకుతాయి. దక్షిణాన చెరువుంది (శిఖం అంటే చెరువు నీరు నిలిచే భూమి) కాబట్టి బఫర్, అంటే వదలాల్సిన ఖాళీ, విడిచారా, పడమర నాలా (ఇక్కడ వాన నీటి కాలువ అని అర్థం) ఉంది కాబట్టి దానికి ఖాళీ చూపారా, తూర్పున ముప్పై అడుగుల దారే ఉంటే పరిశ్రమకు వచ్చే లారీలు ఎటు నుంచి పోతాయి అని అడగవచ్చు. ఎల్లల పంక్తిని చదవకుండా అర్జీ రాయడానికి కూర్చోకండి.

చివరగా షరతులు. అర్జీదారు డెవలప్‌మెంట్ ఛార్జీలు, కన్వర్షన్ ఛార్జీలు చెల్లించాలని, ఈ మార్పిడిని భూమి మీద హక్కుకు రుజువుగా వాడకూడదని ఇలాంటి నోటిఫికేషన్లలో మామూలుగా రాస్తారు. రెండో షరతు మీకు ముఖ్యం. మీ గొడవ హద్దుల గురించో, పట్టా గురించో అయితే జోన్ మార్పిడి అభ్యంతరంలో అది తేలదు. దానికి రెవెన్యూ కార్యాలయం, సివిల్ కోర్టు ఉన్నాయి. ‘ఆ భూమి అతనిది కాదు, మా తాతలది’ అని నాలుగు పేజీలు రాస్తే, చెరువు గురించి మీరు రాసిన నాలుగు పంక్తులు ఆ గోలలో కొట్టుకుపోతాయి.

మ్యాపులో మీ స్థలాన్ని గుర్తించండి

హైదరాబాదు విషయంలో మొదటి చిక్కు, ఏ ప్లాన్ చూడాలన్నది. 2008లో ఏర్పడిన హెచ్‌ఎండీఏ (హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ) పరిధిలో ఒకే మాస్టర్ ప్లాన్ లేదు. పాత మున్సిపల్ కార్పొరేషన్ కోర్ ఏరియాకు ఒకటి, పూర్వపు హుడా (హైదరాబాదు పట్టణాభివృద్ధి సంస్థ) ప్రాంతానికి ఒకటి, సైబరాబాదుకు ఒకటి, విమానాశ్రయ ప్రాంతానికి ఒకటి, ఔటర్ రింగ్ రోడ్డు గ్రోత్ కారిడార్‌కు ఒకటి, వీటి బయట విస్తరించిన ప్రాంతానికి 2013 జనవరి 24న జీవో 33తో ఆమోదించిన మెట్రోపాలిటన్ డెవలప్‌మెంట్ ప్లాన్-2031 ఒకటి వచ్చాయి. ఒక్కొక్క ప్లాన్‌లో జోన్ల పేర్లూ, వాటి నియమాలూ వేరు. 2031 ప్లాన్‌లో నివాస జోన్లే నాలుగు రకాలు. వాటి తర్వాత పెరి-అర్బన్, మల్టిపుల్ యూజ్, మాన్యుఫ్యాక్చరింగ్, కన్జర్వేషన్, బయో-కన్జర్వేషన్ వంటివి ఉంటాయి. మీ గ్రామం ఏ ప్లాన్‌లో ఉందో తెలియకపోతే, ఆ గ్రామం పేరు, సర్వే నంబరు ఇచ్చి భూ వినియోగ ధ్రువపత్రానికి దరఖాస్తు చేసుకోవడం అన్నిటికంటే నమ్మకమైన దారి. దళారీ ఫోన్లో పంపిన స్క్రీన్‌షాట్‌ను ఆధారంగా తీసుకోకండి.

మ్యాపు చేతికొచ్చాక ముందు స్కేలు చూడండి. ఒకటికి పదివేల స్కేలులో మ్యాపు మీద ఒక మిల్లీమీటరు అంటే నేల మీద పది మీటర్లు. మూడు మిల్లీమీటర్ల గీత అంటే ముప్పై మీటర్లు, అంటే దాదాపు వంద అడుగుల రోడ్డు. పీడీఎఫ్‌ను పెద్దది చేసి చూసి ‘గీత మా ఇంటి పక్క నుంచి పోతోంది, మా మీద నుంచి కాదు’ అని స్థిమితపడటం ఈ లెక్క తెలియకనే. రెవెన్యూ గ్రామ నక్షను తెచ్చి, రెండింటిలోనూ మారకుండా ఉండే గుర్తులను, అంటే చెరువు కట్ట, రైల్వే లైను, మూడు ఊళ్ల పొలిమేర కలిసే రాయి వంటివాటిని పట్టుకుని పోల్చండి. సందేహం తీరకపోతే టిప్పన్ (సర్వే నంబరు కొలతల పటం) తీసుకుని లైసెన్సు ఉన్న సర్వేయరును ఒకసారి పిలిపించండి. ఆంధ్రప్రదేశ్‌లో అయితే ఎఫ్‌ఎంబీ కాపీ ఇదే పనికి వస్తుంది.

రంగుల విషయంలో ఊహాగానం వద్దు. పసుపు నివాసానికి, ఊదా పరిశ్రమలకు, ఆకుపచ్చ పార్కులకు వాడటం వాడుకే అయినా, ఆకుపచ్చలో మూడు నాలుగు ఛాయలు ఉంటాయి. ఒకటి పార్కు, ఒకటి వ్యవసాయం, ఇంకొకటి అడవి. పట్టా భూమిని పార్కు రంగులో చూపిస్తే యజమాని అక్కడ ఇల్లు కట్టుకోలేడు, ప్రభుత్వం దాన్ని కొనదు కూడా. ముసాయిదాలో ఇటువంటి పొరపాటు ఉందా అన్నది రంగుల సూచిక పెట్టె పక్కన పెట్టుకుని చూస్తేనే తెలుస్తుంది.

నియమాల పుస్తకాన్ని దాటవేయకండి

మ్యాపు చుట్టూ జనం గుమికూడతారు గాని, దానితో పాటు వచ్చే జోనింగ్ నిబంధనలను తెరిచి చూసేవారు తక్కువ. అసలు సంగతంతా అక్కడే ఉంటుంది. ఒక్కొక్క జోన్‌లో ఏవి అనుమతిస్తారు, ఏవి అనుమతించరు, ఏవి ప్రత్యేక అనుమతితో ఇస్తారు అన్న జాబితాలను వరుసగా చదవండి. మీ పక్క స్థలం నివాస జోన్‌లోనే ఉన్నా ఫంక్షన్ హాలో, గోదామో ‘ప్రత్యేక అనుమతి’ జాబితాలో ఉండవచ్చు.

హైదరాబాదులో మరో విశేషం ఉంది. చాలా నగరాల్లో స్థలం విస్తీర్ణానికి ఇన్ని రెట్లు కట్టుబడి అని ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి ఉంటుంది. ఇక్కడ 2006లో జీవో 86తో ఆ పరిమితి పోయింది. 2012 ఏప్రిల్ 7న వచ్చిన భవన నిబంధనలు, అంటే జీవో 168, తర్వాతి సవరణలతో ఆ పద్ధతినే కొనసాగించాయి. భవనం ఎత్తు ఎంత ఉండవచ్చో నిర్ణయించేవి స్థలం పరిమాణం, ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే సెట్‌బ్యాక్. దీని పర్యవసానాన్ని నిదానంగా ఆలోచించండి. ముసాయిదాలో మీ వీధిని నలభై అడుగుల నుంచి వంద అడుగులకు మార్చి చూపిస్తే, జోన్ రంగు ఏమీ మారకపోయినా, ఆ వీధిలో లేవగల భవనాల ఎత్తు మారిపోతుంది. నీళ్లు, డ్రైనేజీ మాత్రం పాత లెక్కలోనే ఉంటాయి. అందువల్ల నా మట్టుకు నేను హైదరాబాదు ముసాయిదా దేన్నైనా రంగుల కంటే ముందు రోడ్ల పట్టికలోనే చూస్తాను.

నీటి వనరుల పక్క భూమి అయితే జీవో 168లోని ఈ కొలతలు దగ్గర పెట్టుకోండి. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి మట్టం) హద్దు నుంచి 30 మీటర్లు. అంతకంటే చిన్న చెరువులకు, కుంటలకు, శిఖం భూములకు 9 మీటర్లు. పది మీటర్లు మించిన వెడల్పున్న కాలువ, వాగు, నాలాకు 9 మీటర్లు, అంతకు తక్కువ వెడల్పు ఉంటే 2 మీటర్లు. నదికి మున్సిపల్ హద్దుల్లో 50 మీటర్లు, బయట 100 మీటర్లు. జోన్ మార్పిడి జరిగినా ఈ ఖాళీ వదలక తప్పదు. కాబట్టి మార్పిడి కోరిన విస్తీర్ణంలోంచి బఫర్ మేరకు భూమిని మినహాయించి చూపమని కోరడం, పూర్తిగా ఆపమని కోరడం కంటే కొన్నిసార్లు సులువుగా నెగ్గే కోరిక.

మీకు జరిగే నష్టాన్ని గజాల్లో చెప్పండి

ముప్పై అడుగుల ముఖం, అరవై అడుగుల లోతు ఉన్న స్థలం మీదనుకోండి. అది 1,800 చదరపు అడుగులు, అంటే 200 గజాలు. ముందున్న ముప్పై అడుగుల రోడ్డును ముసాయిదాలో అరవై అడుగులు చేశారు. విస్తరణను రెండు వైపులా సమానంగా తీసుకుంటే మీ వైపు పదిహేను అడుగులు పోతాయి. ముప్పైని పదిహేనుతో గుణిస్తే 450 చదరపు అడుగులు, అంటే సరిగ్గా 50 గజాలు. స్థలంలో నాలుగో వంతు పోయింది. మిగిలిన 150 గజాల్లో మళ్లీ ముందు సెట్‌బ్యాక్ వదలాలి. ఇల్లు పడగొట్టి మళ్లీ కట్టాలని మీరు అనుమతి కోరిన రోజున ఆ 50 గజాలను ఉచితంగా రాసివ్వమంటారు. బదులుగా సెట్‌బ్యాక్‌లో సడలింపో, టీడీఆర్ సర్టిఫికెట్టో (పోయిన స్థలానికి బదులు వేరే చోట అదనంగా కట్టుకునే, లేదా అమ్ముకునే హక్కు పత్రం) ఇస్తారు. రోడ్డు వద్దనడమే మార్గం కాదు. విస్తరణను ఎదురుగా ఉన్న ప్రభుత్వ స్థలం వైపు జరపమని, లేదా అప్పటికే ఎనభై అడుగులున్న సమాంతర వీధికి మార్చమని అడగవచ్చు. ఈ లెక్కను వీధిలోని ఇళ్లన్నిటికీ వేసి ఒక పట్టికగా జతచేస్తే అర్జీకి బలం వస్తుంది.

పొలాల విషయంలో గజాలకు బదులు ఎకరాల, గుంటల లెక్క వేసి, బోరు బావులు, పంట కాలువ, కరెంటు కనెక్షను వివరాలు రాయండి. సాగులో ఉన్న భూమిని ముసాయిదాలో ‘ఖాళీ భూమి’గా చూపితే పహాణీ (సాగు వివరాల రెవెన్యూ రికార్డు) నకలు జతచేసి ఆ మాటను ఖండించండి.

ఆధారాలను ముందే కూడగట్టండి

ఫోటోలు తేదీతో తీయండి. వర్షాకాలంలో నీళ్లు నిలిచిన ఫోటోలుంటే ఎండాకాలం నోటీసుకు అవే జవాబు. ఉపగ్రహ చిత్రాలను పాత సంవత్సరాలకు జరిపి చూసే సదుపాయం గూగుల్ ఎర్త్‌లో ఉంది. చెరువు ఏయే సంవత్సరాల్లో ఎంతవరకు నిండిందో చూపడానికి అది పనికొస్తుంది. సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్లలో (నేల తీరు చూపే పటాల్లో) కుంటలు, వాగులు గుర్తించి ఉంటాయి. చెరువుల ఎఫ్‌టీఎల్ హద్దులకు సంబంధించిన ప్రాథమిక, తుది నోటిఫికేషన్లను హెచ్‌ఎండీఏ మ్యాపులతో సహా ప్రచురిస్తోంది. మీ చెరువుది ఏ దశలో ఉందో చూసి, తుది నోటిఫికేషన్ ఇంకా రాకపోతే ఆ మాట అర్జీలో తప్పకుండా రాయండి. హద్దు తేలని చెరువు పక్కన జోన్ మార్చడం ఎందుకు తొందరపాటో వేరే వివరించనక్కరలేదు.

సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే జవాబుకు ముప్పై రోజులు పడుతుంది, మీ గడువేమో పదిహేను రోజులు. అయినా పెట్టండి. పది రూపాయల రుసుముతో మార్పిడి ఫైలులోని సాంకేతిక నివేదిక, స్థల పరిశీలన నివేదిక నకళ్లు అడగండి. ఫైలును స్వయంగా చూసే హక్కు కూడా ఆ చట్టంలోనే ఉంది. ప్రజలపై ప్రభావం చూపే ముఖ్య విధానాలు రూపొందించేటప్పుడు సంబంధిత వాస్తవాలన్నిటినీ అడగకుండానే ప్రచురించాలని 4(1)(సి) సెక్షన్ చెబుతోంది. ఆ నివేదికలు బయటపెట్టలేదు కాబట్టి అవి ఇచ్చాక మరి కొంత గడువు ఇవ్వండి అని అర్జీలోనే కోరవచ్చు.

అర్జీ రాయడం

అభ్యంతరం చెప్పడానికి మీరు ఆ భూమి యజమాని కానక్కరలేదు. 1975 నాటి పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టంలోని 12వ సెక్షన్, ప్లాన్‌లో మార్పులు చేసే ముందు ‘ఏ వ్యక్తి’ నుంచైనా అభ్యంతరాలు, సూచనలు ఆహ్వానించి వాటిని పరిగణనలోకి తీసుకోవాలని చెబుతుంది. అద్దెకుండేవారు, అదే చెరువు కింద సాగుచేసుకునే రైతు, కాలనీ సంఘం, షాద్‌నగర్ వైపు ప్లాటు కొని డాలస్‌లో ఉంటున్నవారు, అందరూ రాయవచ్చు. బెంగళూరులో పార్కు కోసం ఉంచిన స్థలాన్ని నర్సింగ్ హోముకు ఇచ్చిన కేసులో, అడ్డుకునే హక్కు చుట్టుపక్కల నివాసులకు ఉందని సుప్రీంకోర్టు 1991లోనే తేల్చింది.

రెండు పేజీలు దాటనివ్వకండి. ఒక్కొక్క అభ్యంతరానికి ఒక్కొక్క అంకె వేయండి. అలా వేస్తే జవాబు కూడా అంకెల వారీగా రావాలని అడగగలుగుతారు. నమూనా ఇలా ఉండవచ్చు.

‘గౌరవనీయులైన కార్యదర్శి గారికి, పురపాలక పరిపాలన, పట్టణాభివృద్ధి శాఖ.

విషయం: ...... మండలం, ...... గ్రామం, సర్వే నంబరు ......లోని ...... ఎకరాల భూ వినియోగ మార్పిడి ప్రతిపాదనపై అభ్యంతరాలు.

సూచిక: ...... తేదీ గెజిట్ నోటిఫికేషన్ నంబరు ...... .

నేను పై భూమికి తూర్పున సుమారు ...... మీటర్ల దూరంలో ఇంటి నంబరు ......లో నివసిస్తున్నాను. పై ప్రతిపాదనపై నా అభ్యంతరాలను గడువులోగా విన్నవించుకుంటున్నాను.

1. ప్రతిపాదిత భూమికి దక్షిణ ఎల్లగా నోటిఫికేషన్‌లోనే చూపిన చెరువు విస్తీర్ణం ...... హెక్టార్లు. జీవో 168 ప్రకారం వదలవలసిన 30 మీటర్ల బఫర్‌ను జతపరిచిన పటంలో చూపలేదు.

2. ఈ భూమికి చేరే దారి వెడల్పు ప్రస్తుతం ...... అడుగులు మాత్రమే. కొలతలతో తీసిన ఫోటోలు జతచేశాను.

కావున, మార్పిడి ప్రతిపాదనను విరమించుకోవలసిందిగా, అది సాధ్యం కాని పక్షంలో బఫర్ పరిధిలోని ...... గుంటలను మార్పిడి నుంచి మినహాయించవలసిందిగా కోరుతున్నాను. నిర్ణయానికి ముందు నా వాదన వినిపించుకునే అవకాశం ఇప్పించి, ప్రతి అభ్యంతరంపై తీసుకున్న నిర్ణయాన్ని కారణాలతో తెలియజేయగలరు.’

ఇందులో కోరిక రెండు అంచెలుగా ఉండటాన్ని గమనించండి. మొదటిది దక్కకపోయినా రెండోది దక్కే వీలుంటుంది. ‘రద్దు చేయాల్సిందే’ అని ఒక్కటే రాస్తే, వాళ్లు రద్దు చేయకూడదనుకున్న క్షణానే మీ కాగితం పని అయిపోతుంది. ముసాయిదాలో మీకు నచ్చిన అంశం ఉంటే దాన్ని సమర్థిస్తూ కూడా రాయండి. పార్కు ఉంచినందుకు ఎవరూ రాయకపోతే, పార్కు వద్దన్నవారి కాగితాలే ఫైలులో మిగులుతాయి.

వాట్సాప్ గ్రూపులో తిరిగే ఒకే పాఠం మీద మూడు వందల మంది సంతకాలు పెట్టి ఇస్తే, ‘ఒకే తరహా అభ్యంతరాలు’ అని కట్ట కట్టి ఒకే జవాబు రాసే వీలుంటుంది. కాలనీ సంఘం పేరిట తీర్మానం జతచేసి ఒక సమగ్రమైన అర్జీ, దానితో పాటు ఎవరి సర్వే నంబరు, ఎవరి నష్టం వారు రాసుకున్న విడి అర్జీలు ఇవ్వడం మేలు.

దాఖలు చేసి రసీదు తీసుకోండి

అర్జీని ఎవరికి పంపాలో నోటీసులోనే ఉంటుంది. ప్రభుత్వ కార్యదర్శికి అని ఉంటే సచివాలయంలో, కమిషనరుకు అని ఉంటే ఆ కార్యాలయంలో ఇవ్వాలి. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఇన్‌వార్డు సెక్షన్‌లో ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ, ఇన్‌వార్డు నంబరు వేయించుకోండి. ‘పెట్టి వెళ్లండి, మేం చూసుకుంటాం’ అన్న మాటతో తిరిగి రాకండి. ముద్ర వేయకపోతే అదే రోజు స్పీడ్ పోస్టులో, చేరినట్టు రుజువు వచ్చేలా పంపి, స్కాన్ చేసి ఈమెయిల్ కూడా చేయండి. నకళ్లను మున్సిపల్ కమిషనరుకు, వార్డు కౌన్సిలరు లేదా కార్పొరేటరుకు పంపండి. ఎమ్మెల్యేకు ఇచ్చిన వినతిపత్రం మంచిదే గాని, నోటీసులో చెప్పిన అధికారికి చేరితేనే అది అభ్యంతరంగా లెక్కకు వస్తుంది.

విచారణకు పిలిస్తే

పిలుపు అందాక మొత్తం అర్జీని చదివి వినిపించాలని చూడకండి. మీకు దొరికేది కొద్ది నిమిషాలే. మ్యాపు ముక్కను పెద్ద సైజులో ప్రింటు తీసుకుని, మీ స్థలానికి ఎర్ర సిరాతో గుర్తు పెట్టి బల్ల మీద ఉంచండి. మొదటి అభ్యంతరం, రెండు అంచెల కోరిక చెప్పి, అదనపు కాగితాలేవైనా ఉంటే ఇచ్చి ముద్ర వేయించుకోండి. హాజరు పట్టీలో సంతకం చేసి, అధికారి చెప్పిన మాటలను బయటికి వచ్చిన వెంటనే రాసిపెట్టుకోండి. ఆ రోజే ‘ఈ రోజు విచారణలో నేను విన్నవించినవి ఇవి’ అని ఒక పేజీ ఉత్తరం పంపితే, తర్వాత ‘హాజరు కాలేదు’ అనడానికి వీలుండదు.

కౌన్సిల్ తీర్మానం జరిగిందని విని సంబరపడి ఇంటికి వెళ్లిపోకండి. మాస్టర్ ప్లాన్‌కు తుది ఆమోదం ఇచ్చేది ప్రభుత్వం. తీర్మానం ఆ ఫైలులో చేరే ఒక కాగితం. తీర్మానం నకలు తీసుకుని, అది పై కార్యాలయానికి ఏ నంబరుతో, ఏ తేదీన వెళ్లిందో కనుక్కోండి.

తుది జీవో వచ్చాక

తుది జీవోను ముసాయిదాతో పంక్తి పంక్తికి పోల్చండి. మీ అభ్యంతరం ప్రస్తావన ఉందా, ఉంటే ఏ కారణంతో తోసిపుచ్చారు, ముసాయిదాలో లేని కొత్త సర్వే నంబరు ఏదైనా దూరిందా అన్నవి ముఖ్యంగా చూడండి. కొత్త సర్వే నంబరు దూరితే దానిపై ఎవరికీ అభ్యంతరం చెప్పే అవకాశమే రాలేదు కనుక అది బలమైన అంశం. తర్వాత సమాచార హక్కు కింద మీ అభ్యంతరంపై రాసిన ఫైలు నోటు నకలు అడగండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయండి.

మార్పు మీకు నిజంగా నష్టం చేస్తుందనుకుంటే రాజ్యాంగంలోని 226 అధికరణ కింద హైకోర్టులో రిట్ వేయవచ్చు. ప్రణాళిక మంచిదా చెడ్డదా అన్న చర్చలోకి వెళ్లడానికి న్యాయస్థానాలు సాధారణంగా ఇష్టపడవు. నోటీసు సరిగా ఇచ్చారా, అభ్యంతరాలను పరిగణించారా, నియమాన్ని ఉల్లంఘించారా అన్నవాటి దగ్గర ఆగుతాయి. మీ దగ్గరున్న ఇన్‌వార్డు ముద్ర విలువ అక్కడ తెలుస్తుంది. ఆలస్యం చేయకండి, అవతలివారు అనుమతులు తీసుకుని పునాదులు వేశాక వెళితే ఇన్నాళ్లూ ఏం చేశారన్న ప్రశ్న ముందుగా ఎదురవుతుంది. లాయరు ఖర్చు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి; మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది.

మీ అభ్యంతరాన్ని ఒప్పుకున్నా పని అయిపోయిందనుకోకండి. సవరించిన మ్యాపులో ఆ మార్పు నిజంగా గీశారో లేదో చూసి, మీ సర్వే నంబరుకు కొత్తగా భూ వినియోగ ధ్రువపత్రం తీసుకుని, పాత ధ్రువపత్రం, నోటీసు, ముద్ర వేసిన అర్జీ, జీవో అన్నిటినీ ఇంటి దస్తావేజులతో పాటు భద్రపరచండి. రేపు మీరు స్థలం అమ్మినా, పిల్లలు మేడ మీద మేడ వేయడానికి అనుమతి కోరినా, టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో ముందుగా అడిగేవి అవే.